తాడు పట్టినవాళ్లకే వాటా: గంజాం తీరంలో పెద్దవల వంతులు మళ్లీ ఎలా కుదిరాయి

తెగిన తాడు నాకు మొదట చూపించింది ఆ ఊరి కుర్రాడొకడు. ఇసుకలో సగం కూరుకుపోయిన కొసను లాగి నా చేతిలో పెట్టాడు. రాయికి ఒరుసుకుని తెగిన తాడుకు పీచులు లేస్తాయి, ఒక్కో పోగు ఒక్కో పొడవున ఉంటుంది. ఇది అలా లేదు. పోగులన్నీ ఒకేచోట అడ్డంగా తెగి ఉన్నాయి. కత్తితో కోశారు. వల ఇంకా నీళ్లలో ఉండగా, సగం లాగిన తరవాత కోశారు. అలా కోస్తే వల ఒక పక్కకు తిరిగిపోతుంది, సంచిలోకి చేరుతున్న చేపంతా బయటికి పోతుంది, కెరటాల్లో వల చిరిగి పేలికలవుతుంది. కోసినవాడూ, వల పోగొట్టుకున్నవాడూ వరసకు బావా బావమరుదులు.

నేను బరంపురంలో ఉంటూ గంజాం జిల్లా తీరంలోని మత్స్యకారుల ఊళ్లలో పనిచేస్తాను. ఆ తాడు తెగినప్పటి నుంచి అక్కడ జరిగిందంతా, నేను చేసిన తప్పులతో సహా, ఇక్కడ రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు రాయను. బాహుదా నది మొగకూ (నది సముద్రంలో కలిసే చోటుకూ) గోపాలపూర్‌కూ మధ్య ఎక్కడో అనుకోండి.

ఊరు, వల, పాత కట్టుబాటు

గంజాం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. ఒడిశాలో కలిసినా తీరం పొడుగునా తెలుగు మత్స్యకారుల ఊళ్లు అలాగే ఉండిపోయాయి. ఇక్కడ ఒడియావాళ్లు వీళ్లను నోలియాలు అంటారు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, బడిలో ఒడియా. దాంతో యాభై దాటినవాళ్లలో చాలామందికి ఏ లిపీ చదవడం రాదు. కుర్రాళ్లకు ఒడియా చదవడం వచ్చు, తెలుగు అక్షరం రాదు. ఈ విషయం మొదట్లో నేను లెక్కలోకి తీసుకోలేదు. ఆ పొరపాటుకు ఒక ఏడాది ఖర్చయింది.

ఊళ్లో తొమ్మిది పెద్దవలలు ఉన్నాయి. పెద్దవల అంటే ఒడ్డు నుంచి లాగే వల. తాడు ఒక కొస ఒడ్డున మనుషుల చేతిలో ఉంటుంది. పడవ వలను వదులుకుంటూ అర్ధచంద్రాకారంలో సముద్రంలో తిరిగి, రెండో తాడు కొసను కాస్త దూరంలో ఒడ్డుకు తెచ్చి ఇస్తుంది. రెండు జట్లు రెండు తాళ్లనూ లాగుతూ ఒకరి వైపు ఒకరు జరుగుతూ వస్తారు. చివరికి మధ్యలో ఉన్న సంచి ఒడ్డుకు చేరుతుంది. ఒక్క లాగుడుకు ముప్ఫై నలభై మంది కావాలి, రెండు మూడు గంటలు పడుతుంది. నెత్తళ్లు, కవ్వళ్లు, కానాగంతలు లాంటి చేపలు గుంపులుగా ఒడ్డు దగ్గరికి వచ్చే నెలల్లో ఊరికి ఇదే తిండి.

అమ్మిన డబ్బులో వలకూ పడవకూ కొంత భాగం తీసి, మిగిలింది తాడు పట్టినవాళ్లకు పాళ్లు వేస్తారు. మొగుడు సముద్రంలో పోయిన ఆడమనిషి వచ్చి తాడు కొస పట్టుకున్నా ఆమె గంపలో చేప పడుతుంది. బడికి వెళ్లే ముందు పది నిమిషాలు లాగిన పిల్లాడికీ ఓ గుప్పెడు నెత్తళ్లు ఇస్తారు. అడగాల్సిన పనిలేదు.

ఈ వలలు లాగడానికి ఆ ఊరి ఒడ్డున నాలుగు చోట్లు ఉండేవి. ముందొచ్చినవాడిది ముందు, అదే పాత కట్టుబాటు. నాలుగు చోట్లు ఉన్నన్నాళ్లు దానితో ఇబ్బంది రాలేదు. ఆలస్యంగా వచ్చినవాడికి కూడా పొద్దెక్కాక ఏదో ఒక చోటు దొరికేది.

తరవాత ఒడ్డు కోత మొదలైంది. ఈ జిల్లాలోనే ఋషికుల్యా మొగ దగ్గరి పొదంపేట ఎలా కొట్టుకుపోయిందో ఇక్కడివాళ్లందరికీ తెలుసు. ఇళ్లకు ఇళ్లే సముద్రంలోకి పోయి, జనం లోపలికి తరలిపోవాల్సి వచ్చింది. మా ఊళ్లో ఇళ్లు మిగిలాయి కానీ ఒడ్డు సన్నబడింది. ఫైలిన్ తుఫాను 2013 అక్టోబర్ 12న గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. దాని తరవాత ఒక్కో వానాకాలానికీ ఒడ్డు ఇంకొంచెం తరిగింది. నాలుగు చోట్లలో రెండు పోయాయి. మిగిలిన రెండు చోట్లకు తొమ్మిది వలలు.

పొద్దున ఐదింటికి వచ్చేవాళ్లు నాలుగింటికి రావడం మొదలుపెట్టారు. తరవాత రెండింటికి. ఆ తరవాత రాత్రే ఒడ్డున పడవ పక్కన పడుకోవడం. ఎవడి పడవ ముక్కు నీటికి దగ్గరగా ఉంటే వాడిది ముందు అని ఒకడు, ఎవడు తాడు ముందు దింపితే వాడిది అని ఇంకొకడు. కట్టుబాటు మాట మారలేదు, చోట్లు సగమయ్యాయి. తాడు కోసే దాకా వచ్చింది అందుకే. వీళ్లలో దురాశ పుట్టిందని నేను ఎప్పుడూ అనుకోలేదు.

నేను చేసిన మొదటి పని, అది ఎందుకు పాడైంది

నాకు తెలిసిన పద్ధతే చేశాను. కమిటీ వేయించాను. నియమాలు ఒడియాలో రాయించి, తెలుగులోకి మార్చి, పంచాయితీ గోడకు అంటించాను. వరస తప్పినవాడికి అప్పటి దాకా ఐదు వందలున్న జరిమానాను ఐదు వేలు చేయించాను. పెద్ద జరిమానా ఉంటే భయం ఉంటుందని నా లెక్క.

కాగితం చదివినవాళ్లు లేరు. ఒడియా కాగితం పెద్దలకు అక్కర్లేదు, తెలుగు కాగితం కుర్రాళ్లకు రాదు. కానీ అసలు దెబ్బ జరిమానా దగ్గర తగిలింది. ఐదు వందల రోజుల్లో ఎవడైనా వరస తప్పితే పక్కవాడు ఊరి పెద్దలకు చెప్పేవాడు. ఐదు వేలయ్యాక చెప్పడం మానేశారు. ఒక పెద్దాయన్ని అడిగితే, "ఐదు ఏలంటే ఆడింట్లో పొయ్యి ఆగిపోద్ది బాబూ. రేపు ఆడి కూతురు పెళ్లికి నాను ఎల్లాలి కదా" అన్నాడు. శిక్ష ఎంత పెద్దదైతే చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్లు అంత పెరిగారు. ఆ ఏడాది మూడుసార్లు గొడవలయ్యాయి, ఒక పోలీసు కేసు అయింది. కమిటీ మళ్లీ కూర్చోలేదు.

ఎలినార్ ఆస్ట్రామ్ రాసింది నేను అంతకు ముందే చదివి ఉన్నాను. ఉమ్మడి సాగునీటి కాలువలు, అడవులు, చేపల వేట చోట్లు ఏళ్ల తరబడి నిలిచిన ఊళ్లను ప్రపంచమంతా వెతికి, అవి ఎలా నిలిచాయో 1990లో రాశారు ఆవిడ. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ వచ్చింది, ఆ బహుమతి అందుకున్న మొదటి మహిళ. 1968లో గారెట్ హార్డిన్ అనే జీవశాస్త్రవేత్త ఉమ్మడి గడ్డి మైదానాన్ని ఉదాహరణగా తీసుకుని, ఉమ్మడిది ఏదైనా అందరూ కలిసి నాశనం చేస్తారని వాదించాడు. అలా కానక్కర్లేదని ఆస్ట్రామ్ ఊళ్ల పేర్లతో సహా చూపించారు. మొదటి తప్పుకు చిన్న శిక్ష, మళ్లీ చేస్తే కాస్త పెద్దది, ఇలా మెట్లు మెట్లుగా ఉన్నచోటే కట్టుబాటు నిలుస్తుందని కూడా రాశారు. చదివాను, మర్చిపోయాను. ఊళ్లో దిగాక నాకు అధికారుల అలవాటే వచ్చింది.

తాడు దగ్గర కూర్చున్నాక

రెండో ఏడాది కార్తీకంలో కాగితాలు పక్కన పెట్టి, ఒడ్డుకు వెళ్లి తాడు పట్టుకున్నాను. అరచేతులు బొబ్బలెక్కాయి. నెల రోజులు వారానికి మూడు నాలుగు రోజులు అలా లాగాను. గమనించిన సంగతి ఒకటుంది: చోటు కోసం కొట్టుకునేవాళ్లే, వల నీళ్లలో పడ్డాక పక్కవాడి తాడు పట్టుకుంటున్నారు. పొద్దున తిట్టుకున్న ఇద్దరు ఎనిమిదింటికల్లా ఒకే తాడు మీద ముందూ వెనకా నిలబడి ఐలెస్సా అంటున్నారు. పాళ్లు వేసేటప్పుడు మాత్రం ఒక్క గొడవ కూడా రాలేదు.

ఇది చూస్తుంటే నాకు లైప్జిగ్‌లోని మాక్స్ ప్లాంక్ సంస్థవాళ్లు చేసిన పరిశోధన గుర్తొచ్చింది. 2011లో అచ్చయింది. ఇద్దరిద్దరు మూడేళ్ల పిల్లల్ని తీసుకుని వాళ్ల ముందు ఒక బల్ల పెట్టారు. ఇద్దరూ కలిసి తాడు లాగితేనే బల్ల దగ్గరికొస్తుంది. వచ్చాక ఒకరికి మూడు గోళీలు, ఇంకొకరికి ఒకటి దొరికేలా ఏర్పాటు. కలిసి లాగినప్పుడు, మూడు దొరికిన పిల్ల చాలాసార్లు తనంతట తానే ఒకటి పక్కపిల్లకిచ్చి రెండు రెండు చేసింది. తాడు లాగకుండా ఊరికే దొరికినప్పుడు అలా ఇవ్వడం చాలా అరుదు. ఎవరి తాడు వాళ్లు విడిగా లాగినప్పుడు కూడా తక్కువే. అలాంటి పనే చింపాంజీలకు పెడితే, కలిసి లాగినా లాగకపోయినా వాటి పంపకంలో తేడా రాలేదు.

మనిషి మిగతా వానర జాతుల నుంచి వేరుపడ్డ దారిలో ఇది పెద్ద మలుపని ఆ పరిశోధకులు అంటారు. ఒంటరిగా తెచ్చుకోలేని తిండిని కలిసి తెచ్చుకోవాల్సి వచ్చింది. పంపకంలో మోసం చేసినవాణ్ని మర్నాడు ఎవరూ వేటకు పిలవరు. అలా పిలవకపోవడమే వేల తరాల పాటు మనిషిని మలిచింది. నాకు ఈ మాట నమ్మబుద్ధవుతుంది, ఎందుకంటే అది నా కళ్ల ముందే జరిగింది. ఆ సంగతి కిందికొస్తుంది.

అంటే ఈ ఊళ్లో తెగింది చోటు దగ్గరి వరస ఒక్కటే, తాడు దగ్గరి పొత్తు గట్టిగానే ఉంది. వరస ఎందుకు తెగిందంటే, అది రాత్రి రెండింటికి చీకట్లో, నలుగురి కళ్ల ముందు లేకుండా తేలుతోంది. తాడు పొద్దున వెలుతుర్లో ఉంది. పక్కవాడు పాటిస్తున్నాడని కంటికి కనిపిస్తే తానూ పాటిస్తాడు, కనిపించకపోతే తాను మాత్రం ఎందుకు పాటించాలి అనుకుంటాడు. చాలామంది మనుషులు అంతే, నేనూ అంతే.

బెండ్ల దండ

టర్కీలో అలాన్యా అనే ఊరుంది. 1970ల్లో అక్కడి జాలర్లకూ ఇదే కష్టం వచ్చింది. మంచి చోట్ల కోసం కొట్టుకుని, చివరికి ఇలా చేసుకున్నారు: ఏటా సెప్టెంబర్‌లో వేటకు హక్కున్నవాళ్ల పేర్లు రాసి, చోట్ల పేర్లు రాసి, చీటీలు తీస్తారు. జనవరి దాకా ప్రతివాడూ రోజూ ఒక చోటు తూర్పుకు జరుగుతాడు. జనవరి తరవాత మే దాకా పడమటికి జరుగుతాడు. చేప అటూ ఇటూ తిరిగే తీరును బట్టి అలా పెట్టుకున్నారు, అందరికీ అన్ని చోట్లూ వస్తాయి. ఇది ఒక్కరోజులో కుదరలేదు, పదేళ్ల పాటు దిద్దుకున్నారు.

ఒకరోజు లాగుడు అయ్యాక, వలలు ఆరబెడుతుంటే ఈ సంగతి చెప్పాను. నచ్చింది కానీ చీటీల దగ్గర ఆగిపోయారు. "చీటీ మీద ఏటి రాసుందో సదివేవోడే మాకు పెద్దయిపోతాడు" అని ఒక ముసలాయన అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. జవాబు వాళ్లే కనుక్కున్నారు. వల నీటి మీద తేలడానికి బెండ్లు కడతారు. తొమ్మిది వలల నుంచి తొమ్మిది బెండ్లు విప్పారు. ప్రతి వలవాడూ తన బెండు మీద కాల్చిన ఇనప చువ్వతో గుర్తు వేశాడు. ఒకడిది త్రిశూలం, ఒకడిది లంగరు, ఒకడిది రెండు అడ్డగీతలు, ఒకడు ఏదో చేప బొమ్మ వేయబోయి గుండ్రంగా వచ్చేసరికి అలాగే వదిలేశాడు. గంగమ్మ గుడి దగ్గర గోనెసంచిలో వేసి ఒక చిన్నపిల్ల చేత ఒక్కొక్కటీ తీయించారు. తీసిన వరసలో తాడుకు గుచ్చి గుడి ముందున్న రాటకు వేలాడదీశారు.

రోజుకు రెండు చోట్ల, రెండేసి లాగుళ్లు. అంటే దండలో పైన ఉన్న నాలుగు బెండ్లకు ఆ రోజు వేట. మొదటి బెండుకు మొగ వైపు చోట తెల్లవారు లాగుడు, అదే అన్నిటికన్నా మంచిది. చేపల వేలంపాట అయ్యాక అందరి ముందూ మొదటి బెండు విప్పి చివర కడతారు, మిగతావి ఒక్కో మెట్టు పైకి జరుగుతాయి. తొమ్మిది రోజుల్లో ప్రతి వలకూ నాలుగు రకాల వంతులూ ఒక్కోసారి వస్తాయి. సముద్రం బాగోక వల దిగని రోజు బెండు కదలదు. తొమ్మిది రోజుల చక్రం కాబట్టి అమావాస్య పోటు ప్రతిసారీ ఒకే వలకు పడదని కూడా ఆ ముసలాయనే వేళ్ల మీద లెక్కేసి చెప్పాడు. నేను రాత్రి ఇంటికెళ్లి కాగితం మీద వేసుకుని చూశాను. నిజమే.

వంతు లేని ఐదు వలలవాళ్లు ఇంట్లో కూర్చోరు. వంతున్నవాడి తాడు పడతారు, వాటా తీసుకుంటారు. అందుకే ఖాళీ రోజులు పూర్తిగా ఖాళీ కావు. పైగా వంతు ఎవరిదో చూసే కళ్లు ఎప్పుడూ ఒడ్డునే ఉంటాయి. కాపలా కోసం జీతగాణ్ని పెట్టలేదు.

జరిమానా మాట నేను ఎత్తలేదు. వాళ్లు పెట్టుకున్నది ఇది: మొదటిసారి వరస తప్పితే బెండు ఒక మెట్టు కిందికి. రెండోసారి దండ చివరికి. మూడోసారి గంగమ్మకు ఐదు వందలు.

ఎవరూ తాడు పట్టని రోజు

రెండు నెలలు బాగా నడిచింది. తరవాత ఒకరోజు కవ్వళ్ల గుంపు ఒడ్డుకు బాగా దగ్గరగా వచ్చింది. నీటి రంగు మారి, పక్షులు పడుతున్నాయి. దండలో ఆరో బెండువాడు ఆగలేకపోయాడు. వంతున్నవాడి పడవ ఇంకా దిగకముందే తన వల వదిలేసి, రెండో కొస ఒడ్డుకు తెచ్చేశాడు.

ఆ పొద్దున నేను అక్కడే ఉన్నాను. ఎవరూ అరవలేదు. ఎవరూ తిట్టలేదు. ఒడ్డున యాభై మంది దాకా ఉన్నారు, ఒక్కరూ తాడు ముట్టుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డారు. అతనూ, ఇద్దరు కొడుకులూ, భార్యా, తమ్ముడూ, తమ్ముడి భార్యా ఆరుగురే లాగారు. తాడు జానెడు వచ్చి మళ్లీ మూరెడు వెనక్కి పోతోంది. "ఓ మావా, ఓ సిన్నాన్నా, పట్టండర్రా" అని పిలిచాడు. పిలిచినవాళ్లు నేలచూపులు చూశారు. వాళ్లకూ బాధగానే ఉంది, ముఖాల్లో కనిపిస్తోంది.

కాసేపటికి కులపెద్ద వచ్చి, వల పాడైపోకూడదు పట్టండి అన్నాడు. అప్పుడు అందరూ పట్టారు, ఐలెస్సా అనకుండా లాగారు. చేపలో సగం జారిపోయింది. వచ్చినదాని పాట డబ్బు వంతున్నవాడికి ఇచ్చారు. అతను మారు మాట్లాడకుండా గుడి దగ్గరికెళ్లి తన బెండు తానే విప్పి ఒక మెట్టు కింద కట్టుకున్నాడు. మర్నాడు వేరేవాడి తాడు దగ్గర అందరికన్నా ముందు నిలబడ్డాడు. వాటా అడగలేదు, కానీ వేశారు.

ఐదు వేల జరిమానా చేయలేనిది ఆ అరగంట చేసింది.

కుదరనివి

పెద్దవల దగ్గర కుదిరింది రాత్రి వేట దగ్గర కుదరలేదు. ఫైబర్ పడవ, ఇంజను, నైలాన్ వల ఉంటే ఇద్దరు కుర్రాళ్లు చాలు. వాళ్లకు ఎవరి తాడూ అక్కర్లేదు, ఎవరూ తాడు పట్టకపోయినా నష్టం లేదు. మొగకు అడ్డంగా రాత్రి వల కడితే పొద్దున పెద్దవలకు వచ్చే చేప తగ్గుతుంది. బ్రెజిల్ ఈశాన్యంలో ఒక పరిశోధన జరిగింది. సముద్రం మీద జట్లుగా వేటాడే జాలర్లు, అక్కడికి దగ్గరలోనే సరస్సులో ఒంటరిగా వేటాడే జాలర్ల కన్నా ఒకరికొకరు ఎక్కువ సహకరిస్తారని తేలింది. పని ఎలా చేస్తామో మనసూ అలా తయారవుతుందన్నమాట. మా ఊరి కుర్రాళ్లు చెడ్డవాళ్లు కారు. వాళ్ల చేతిలో ఉన్న పరికరం వాళ్లను ఒంటరిగా బతకమంటోంది.

కుర్రాళ్ల మాటలో న్యాయం కూడా ఉంది. ఒడిశాలో ఒడ్డు నుంచి 5 కిలోమీటర్లు సంప్రదాయ పడవలకే అని చట్టం. ఋషికుల్యా మొగ దగ్గర తాబేళ్ల కోసం నవంబర్ 1 నుంచి మే 31 దాకా 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. తాబేలంటే వీళ్లకు శ్రీకూర్మం దేవుడే, పెద్దవలలో పడితే దండం పెట్టి వదిలేస్తారు. కానీ రాత్రిపూట ఒడ్డున నిలబడితే 5 కిలోమీటర్ల లోపలే ట్రాలర్ల (పెద్ద మరబోట్ల) లైట్లు కనిపిస్తాయి. "ఆళ్లు పాటించరు, ఆళ్లనెవడూ అడగడు. మాం మాత్రం ఎందుకు పాటించాల?" అని ఒక కుర్రాడు అడిగాడు. చీకట్లో వరస తప్పినవాళ్లు అడిగిందీ ఇదే ప్రశ్న. ట్రాలర్లను ఆపడం ఊరి వల్ల కాదు, అది సర్కారు చేయాల్సిన పని. అది జరగనంత కాలం ఆ కుర్రాళ్లను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

కొంచెం ఫలితమిచ్చిన ఉపాయం ఆడవాళ్లది. రాత్రి చేప ఇదివరకు పక్క ఊరి రేవులో దిగేది, ఎవరు తెచ్చారో ఎంత తెచ్చారో మా ఊళ్లో తెలిసేది కాదు. చేపలు పాట పాడి కొని బరంపురం తీసుకెళ్లి అమ్మే ఆడవాళ్లు, సొంత ఊళ్లో దిగని చేప మేం కొనం అన్నారు. పక్క రేవులో ధర తక్కువ, రవాణా ఎక్కువ. ఐదారు పడవలు వెనక్కి వచ్చాయి. చేప ఒడ్డున అందరి ముందూ దిగుతోంది కాబట్టి మొగకు అడ్డంగా కట్టే వలలు తగ్గాయి. ఆగలేదు, తగ్గాయి.

వల సంచికి దోమతెర కట్టి పిల్లచేపను పట్టడం మాత్రం అలాగే ఉంది. దాన్ని అందరూ చూస్తూనే ఉన్నారు, చూసినా ఆపడం లేదు, ఎందుకంటే తొమ్మిది వలలకూ అదే ఉంది. ఒకడు తీసేస్తే నష్టం వాడొక్కడిది, లాభం ఎనిమిది మందిది. తొమ్మిదీ ఒకే రోజు తీయాలి. గంగమ్మ పండగ రోజు అందరూ గుడి ముందే తీసేద్దామని ఈ ఏడు ఒక మాట అనుకున్నారు.

ఆ పండగకే ఇంకో సంగతి కూడా తేలాలి. చెన్నై వైపు బోట్ల మీద పనిచేసి ఎన్నో ఏళ్ల తరవాత తిరిగొచ్చిన ఒక కుటుంబం పెద్దవల కొనుక్కుంది. తండ్రి ఈ ఊరివాడే, ఆయన వల తుఫానులో పోయింది. దండలో పదో బెండు కట్టమని అడుగుతున్నారు. కడితే ప్రతి ఒక్కరి వంతూ తొమ్మిది రోజుల నుంచి పది రోజులకు పోతుంది. కట్టకపోతే వాళ్లు రాత్రి వేటకు పోతారు. ఊరు రెండుగా ఉంది. ఆ ఇంటి పెద్దకొడుకు బెండు మీద గుర్తు ఇప్పటికే వేసి ఉంచాడు, ఒక చుక్కాని. ప్రస్తుతానికి రోజూ పొద్దున్నే వచ్చి అందరి తాళ్లూ పడుతున్నాడు.